వర్షమాపకాల సాయంతో రాడార్ వర్షపాత అంచనాలను సరిదిద్దడం ఎలా?

2020 అక్టోబరు 13న హైదరాబాద్‌ను ముంచెత్తిన వానలో బేగంపేటలో దాదాపు 19 సెంటీమీటర్ల వర్షం నమోదైతే, అక్కడికి పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో సుమారు 32 సెంటీమీటర్లు కురిసింది. ఈ రెండు చోట్ల మధ్య ఉన్న కాలనీల మీద, చెరువుల మీద, నాలాల పరీవాహకం మీద ఎంత వాన పడిందో చెప్పడానికి వర్షమాపకాలు మాత్రమే చాలవు. వాతావరణ రాడార్ ఆ ఖాళీని నింపుతుంది, ప్రతి చదరపు కిలోమీటరుకూ ఒక విలువ ఇస్తుంది. అయితే ఆ విలువ నేల మీద కొలిచినది కాదు, ఆకాశంలో చినుకుల నుంచి తిరిగి వచ్చిన రేడియో తరంగాల బలాన్ని బట్టి లెక్కగట్టినది. ఎక్కడ వాన పడుతోందో రాడార్ బాగా చెబుతుంది, ఒక చోట ఎంత పడిందో వర్షమాపకం బాగా చెబుతుంది. ఈ రెండింటినీ కలిపి నమ్మదగిన వర్షపాత పటాన్ని ఎలా తయారు చేయాలో ఈ వ్యాసం వివరిస్తుంది. వరద అంచనాలపై పనిచేసే ఇంజనీర్లనూ, జలవనరుల విద్యార్థులనూ దృష్టిలో పెట్టుకుని దీన్ని రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పని మొదలుపెట్టిన వారిలో ఎక్కువ మంది ఏ సవరణ సూత్రం మేలైనదా అని వెతకడంలోనే సమయమంతా గడిపేస్తారు. నా అభిప్రాయంలో ఫలితం బాగుపడేదీ చెడేదీ అంతకు ముందు దశలోనే. ఫలానా వర్షమాపకం ఫలానా గంటలో కొలిచిన వానకు రాడార్ పటంలో సరిగ్గా ఏ విలువ జతగా నిలబడాలో తేల్చుకోవడమే అసలు పని. జత తప్పుగా కుదిరితే ఎంత గొప్ప గణిత పద్ధతి అయినా ఆ తప్పును పటమంతా పరుస్తుంది.

రాడార్ ఎందుకు తప్పుతుంది

రాడార్ కొలిచేది వర్షం కాదు, రిఫ్లెక్టివిటీ, అంటే చినుకులు తిప్పి పంపిన తరంగాల బలం. దీన్ని జెడ్ అని పిలుస్తారు, లాగరిథం కొలతలో డీబీజెడ్‌లలో చెబుతారు. చినుకు వ్యాసం రెట్టింపైతే అది తిప్పి పంపే శక్తి 64 రెట్లవుతుంది, కానీ అందులోని నీరు 8 రెట్లే పెరుగుతుంది. అందువల్ల కొన్ని పెద్ద చినుకులున్న వానా, లెక్కలేనన్ని చిన్న చినుకులున్న వానా రాడార్‌కు ఒకే బలంతో కనిపించినా నేల మీద పడే నీరు ఒకటి కాదు. జెడ్ నుంచి వర్ష తీవ్రతను రాబట్టడానికి మార్షల్, పామర్ అనే శాస్త్రవేత్తల పేరుతో ప్రసిద్ధమైన సూత్రాన్ని నేటికీ విస్తృతంగా వాడుతున్నారు. అందులో గంటకు మిల్లీమీటర్లలో ఉన్న వర్ష తీవ్రతను 1.6 ఘాతానికి పెంచి 200తో గుణిస్తే జెడ్ వస్తుంది. అమెరికా వాతావరణ రాడార్లలో మెరుపు మేఘాల వానకు 300, 1.4 అనే జంటనూ, ఉష్ణమండలపు తేమ వానకు 250, 1.2 అనే జంటనూ వాడతారు.

ఈ ఎంపిక వల్ల వచ్చే తేడా చిన్నది కాదు. 40 డీబీజెడ్ ఉన్న చోట మొదటి సూత్రం గంటకు 11.5 మిల్లీమీటర్లు, రెండవది 12.2, మూడవది 21.6 మిల్లీమీటర్లు చెబుతాయి. 50 డీబీజెడ్ దగ్గర అవే సూత్రాలు వరుసగా 49, 63, 147 మిల్లీమీటర్లు ఇస్తాయి. నైరుతి రుతుపవనాల మధ్యలో అల్పపీడనం వల్ల రాత్రంతా ఆగకుండా పడే వానకూ, మే నెల సాయంత్రం ఉరుములతో వచ్చే వానకూ ఒకే సూత్రం వాడితే రెండింటిలో ఒకటి తప్పక తప్పుతుంది.

రెండవ కారణం ఎత్తు. భూమి వంపు వల్ల రాడార్ కిరణం దూరం వెళ్లే కొద్దీ నేలకు పైపైకి పోతుంది. 0.5 డిగ్రీల కోణంలో పంపిన కిరణపు మధ్యభాగం 100 కిలోమీటర్ల దూరంలో రాడార్ మట్టానికి సుమారు ఒకటిన్నర కిలోమీటర్ల పైన, 150 కిలోమీటర్ల దగ్గర 2.6 కిలోమీటర్ల పైన, 200 కిలోమీటర్ల దగ్గర 4 కిలోమీటర్లకు మించి ఉంటుంది. ఒక డిగ్రీ వెడల్పున్న కిరణం 100 కిలోమీటర్ల దగ్గరే 1.7 కిలోమీటర్ల మేర విస్తరిస్తుంది. హైదరాబాద్ రాడార్‌కు ములుగు జిల్లా 175 కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉంది. కనుక అక్కడి వానను ఆ రాడార్ దాదాపు మూడున్నర కిలోమీటర్ల ఎత్తులోనే చూడగలదు. తేమ నిండిన రుతుపవన మేఘాల్లో చినుకులు ఆ ఎత్తుకు దిగువనే ఎక్కువగా పెరుగుతాయి కాబట్టి రాడార్ తక్కువ చెబుతుంది. ఎండాకాలంలో దీనికి భిన్నంగా, పైన కనిపించిన చినుకులు పొడి గాలిలో ఆవిరై నేలకు చేరకపోవచ్చు, అప్పుడు రాడార్ ఎక్కువ చెబుతుంది.

మూడవది రాడార్ కాలిబ్రేషన్, అంటే పరికరం కొలతను ప్రామాణికానికి సరిపెట్టడం. రిఫ్లెక్టివిటీలో 1 డెసిబెల్ తేడా వస్తే మార్షల్–పామర్ సూత్రంలో వర్షపాతం దాదాపు 15 శాతం మారుతుంది. తేడా 3 డెసిబెల్స్ అయితే అసలు విలువ ఒకటిన్నర రెట్లవుతుంది, లేదా మూడింట రెండు వంతులకు పడిపోతుంది.

రాడార్ లోపాలను ముందు రాడార్ వైపే సరిచేయాలి

మిగిలిపోయిన తప్పును మాత్రమే వర్షమాపకాలతో సవరించాలి. కొండ నుంచి వచ్చిన ప్రతిధ్వనినీ వానతో కలిపి లెక్కించి, ఆ మొత్తాన్ని వర్షమాపకాలతో సర్దుబాటు చేయబోతే నిజంగా వాన పడిన చోటి విలువ కూడా చెడుతుంది. కాబట్టి ఎప్పుడు చూసినా ఒకే చోట కనిపించే ప్రతిధ్వనులను, అంటే గుట్టలు, టవర్లు, ఎత్తయిన కట్టడాల నుంచి వచ్చే వాటిని, వాన లేని రోజుల పటాలతో గుర్తించి తొలగించాలి. డాప్లర్ వేగం, అంటే రాడార్ వైపు గానీ దాని నుంచి దూరంగా గానీ కదిలే వేగం, సున్నాకు దగ్గరగా ఉండటం దానికి మంచి గుర్తు. విశాఖపట్నం రాడార్‌కు పడమరన తూర్పు కనుమలున్నట్లు, కిరణానికి కొండలు అడ్డొచ్చే దిశల్లో కింది కోణపు విలువను వదిలేసి పై కోణపు విలువ తీసుకోవాలి.

వడగళ్లు పడే మేఘాల్లో రిఫ్లెక్టివిటీ విపరీతంగా పెరుగుతుంది, కానీ దానికి తగ్గ నీరు ఉండదు. అందుకే ఒక గరిష్ఠ పరిమితి పెట్టుకోవాలి. అమెరికాలో చాలాకాలంగా 53 డీబీజెడ్ దగ్గర ఆపడం వాడుక. 300, 1.4 సూత్రంలో అది గంటకు సుమారు 104 మిల్లీమీటర్లు. తెలంగాణలో ఏప్రిల్, మే నెలల వడగళ్ల వానలకు ఈ పరిమితి అవసరం. అయితే తుపాను వానలో ఇదే పరిమితిని గుడ్డిగా ఉంచితే నిజమైన వాననే కోసేసినట్లవుతుంది కాబట్టి రుతువును బట్టి దాన్ని మార్చాలి.

కాలిబ్రేషన్ పరీక్షకు మన ప్రాంతంలో ఒక చక్కని అవకాశం ఉంది. కోదాడ పరిసరాలు హైదరాబాద్, మచిలీపట్నం రాడార్లు రెండింటికీ దాదాపు సమాన దూరంలో, సుమారు 150 నుంచి 170 కిలోమీటర్ల మధ్య ఉన్నాయి. హైదరాబాద్ రాడార్ ఉన్న నేల సముద్రమట్టానికి సుమారు అర కిలోమీటరు ఎత్తు కాబట్టి ఆ తేడాను లెక్కలోకి తీసుకుని, ఒకే మేఘాన్ని ఒకే ఎత్తులో రెండు రాడార్లూ ఎంతగా చూశాయో పోల్చవచ్చు. ఎన్నో వానల మీద ఒకటి మరొకదాని కంటే స్థిరంగా 2 డెసిబెల్స్ తక్కువ చూపిస్తుంటే ఆ తేడా వాతావరణంలో కాదు, పరికరంలో ఉందని అర్థం చేసుకోవాలి. రెండు పటాలనూ అతికించి ఒకటిగా చేయాలనుకునే వారు ఈ పోలిక చేయకుండా అడుగు ముందుకు వేయకూడదు.

వర్షమాపకాన్ని నమ్మే ముందు

వర్షమాపకం చెప్పేదే నిజం అనే ధోరణి ఈ పనిలో చాలా నష్టం చేస్తుంది. తనంతట తాను పనిచేసే కేంద్రాల్లో ఉండే టిప్పింగ్ బకెట్ (నిర్ణీత నీరు నిండగానే ఒరిగి, ఆ ఒరుగులను లెక్కించే వర్షమాపకం) గరాటులో ఎండుటాకు పడినా, చీమలు గూడు పెట్టినా, పక్షి రెట్ట అడ్డుపడినా నీరు చుక్కలుగా కారుతూ వాన ఆగిన గంటల తర్వాత కూడా వాన పడుతున్నట్లు చూపిస్తుంది. కుండపోత వానలో చిన్న బకెట్ ఒరిగే క్షణంలో కొంత నీరు లెక్కకు రాకుండా పోతుంది కాబట్టి, తీవ్రత పెరిగే కొద్దీ అది తక్కువ చెబుతుంది. ఈదురు గాలిలో చినుకులు గరాటు అంచు మీదుగా కొట్టుకుపోతాయి.

కేంద్రాన్ని స్వయంగా చూడగలిగితే ఒక చిన్న పరీక్ష చేయండి. గరాటు నోటి వైశాల్యం 200 చదరపు సెంటీమీటర్లు అయితే 200 మిల్లీలీటర్ల నీరు 10 మిల్లీమీటర్ల వానకు సమానం. కొలత సీసాలో ఆ నీటిని తీసుకుని, అడుగున సన్నని రంధ్రమున్న డబ్బాలో పోసి, కనీసం అరగంట పట్టేలా గరాటులోకి నెమ్మదిగా కారనివ్వండి. ఒక్కో ఒరుగుకు 0.5 మిల్లీమీటర్లు నమోదు చేసే పరికరమైతే 20 సార్లు ఒరగాలి. 19 లేదా 21 వస్తే ఫర్వాలేదు. 16 వస్తే ఆ కేంద్రపు విలువలను సవరణలో వాడే ముందు పరికరాన్ని బాగు చేయించాలి. నీరు వేగంగా పోస్తే ఒరుగులు తగ్గుతాయి కాబట్టి తొందరపడకూడదు. పరికరం చుట్టూ చూడటం కూడా ముఖ్యమే. చెట్టు గానీ గోడ గానీ దాని ఎత్తుకు కనీసం రెండింతల దూరంలో ఉండాలి. మండల కార్యాలయం ప్రహరీ పక్కన ఇరికించిన వర్షమాపకం ఒక దిక్కు నుంచి వచ్చే వానను ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది.

కేంద్రం దగ్గరకు వెళ్లలేకపోతే దత్తాంశంతోనే పరీక్షించాలి. చుట్టూ ఉన్న నాలుగైదు కేంద్రాల సగటు మొత్తాన్ని ఒక అక్షం మీద, అనుమానం ఉన్న కేంద్రపు మొత్తాన్ని మరో అక్షం మీద, సీజన్ మొదలు నుంచి కూడుకుంటూ గీయండి. గీత ఒక తేదీ తర్వాత వంగితే ఆ తేదీన ఆ పరికరానికి ఏదో జరిగిందన్నమాట. చుట్టూ ఉన్న కేంద్రాలన్నిటిలో వాన ఉండి, రాడార్ కూడా చూపిస్తుండగా ఒక్కటే సున్నా చెబితే అది మూసుకుపోయిన గరాటు అని అనుకోవచ్చు.

అయితే పెద్ద అంకె కనిపించగానే తప్పుగా కొట్టివేయకూడదు. 2023 జులై 27 ఉదయానికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 64.98 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. రోజుకు 40 సెంటీమీటర్లు మించితే తొలగించు అనే నియమం పెట్టుకున్న ప్రోగ్రాం ఆ రోజు కేంద్రాలన్నిటిలో అతి ముఖ్యమైన విలువనే పారేసేది. అలాంటి విలువను పక్క కేంద్రాలతో, గంటగంటకూ పెరిగిన తీరుతో, రాడార్‌లో మేఘం ఎంతసేపు అక్కడే నిలిచిందన్న దానితో సరిచూసి మనిషే నిర్ణయించాలి.

గడియారాలు కలపడం

రాడార్ ఫైళ్ల మీద ఉండేది యూటీసీ, అంటే అంతర్జాతీయ ప్రామాణిక సమయం. అది భారత ప్రామాణిక సమయానికి 5 గంటల 30 నిమిషాలు వెనుక ఉంటుంది. ఆ అరగంటే ఎన్నో చిక్కులకు మూలం. యూటీసీ ప్రకారం 3 నుంచి 4 గంటల వరకు కూడిన రాడార్ వర్షం మన సమయంలో ఉదయం 8.30 నుంచి 9.30 వరకు పడినది. వర్షమాపకం గంట లెక్క మాత్రం 8 నుంచి 9 వరకు, లేదా 9 నుంచి 10 వరకు ఉండవచ్చు. రెండింటినీ పక్కపక్కన పెడితే సగం గంట వాన ఇటు, సగం అటు పోతుంది. మెరుపు మేఘపు వాన అరగంటలోనే ముగుస్తుంది కాబట్టి అలాంటి జతకు అర్థమే ఉండదు. కనుక రాడార్ గంట మొత్తాలను తీసుకోకుండా, 10 నిమిషాలకొకసారి వచ్చే స్కాన్ల (రాడార్ ఆకాశాన్ని ఒకసారి చుట్టి చూసిన కొలతల) నుంచే వర్షమాపకం గంటకు సరిపడేలా మీరే కూడుకోవాలి.

రోజు మొత్తాల విషయంలో పని సులువు. భారత వాతావరణ శాఖ లెక్కలో వర్షపు రోజు ఉదయం 8.30కి ముగుస్తుంది. యూటీసీలో అది సరిగ్గా 3 గంటలు. అయితే 27వ తేదీ అని రాసిన వర్షంలో అధిక భాగం 26వ తేదీన పడినదన్న సంగతి మరవకూడదు.

గడియారం తప్పిన కేంద్రాలను పట్టుకోవడానికి ఒక మార్గం ఉంది. రాడార్ వరుసను 10 నిమిషాల చొప్పున ముందుకూ వెనక్కూ జరుపుతూ వర్షమాపకం వరుసతో సహసంబంధం లెక్కించండి. ఏ జరుపు దగ్గర పోలిక అత్యధికంగా ఉందో చూడండి. అది 330 నిమిషాల దగ్గర ఉంటే సమయ మండలం మార్చడం మరిచారని అర్థం. 10 నిమిషాల దగ్గర ఉంటే చినుకు కిందకు చేరడానికి పట్టిన సమయం కావచ్చు. 40 నిమిషాల దగ్గర స్థిరంగా ఉంటే ఆ కేంద్రపు గడియారం తప్పు.

జత కుదర్చడం

200 చదరపు సెంటీమీటర్ల గరాటు కంటే ఒక చదరపు కిలోమీటరు 5 కోట్ల రెట్లు పెద్దది. అంటే రాడార్ తప్పు ఏమీ లేకపోయినా ఆ రెండు అంకెలూ సమానంగా ఉండాలన్న నియమం లేదు. పైగా రాడార్ 2 కిలోమీటర్ల ఎత్తులో చూసిన 2 మిల్లీమీటర్ల చినుకు సెకనుకు ఆరున్నర మీటర్ల వేగంతో పడితే నేలకు చేరడానికి దాదాపు 5 నిమిషాలు పడుతుంది. ఆ సమయంలో సెకనుకు 10 మీటర్ల గాలి దాన్ని 3 కిలోమీటర్ల దూరం తీసుకుపోతుంది. కాబట్టి వర్షమాపకం నెత్తి మీద ఉన్న గడి (రాడార్ పటంలోని ఒక చిన్న చతురస్రం) విలువనే జతగా తీసుకోవడం చాలాసార్లు సరికాదు.

ఆచరణలో వర్షమాపకం ఉన్న గడితో పాటు చుట్టూ ఉన్న ఎనిమిది గడులనూ తీసుకుని, ఆ తొమ్మిదింటి మధ్యగతాన్ని వాడటం నిలకడగా పనిచేస్తుంది. తొమ్మిదింటిలో వర్షమాపకానికి అత్యంత దగ్గరగా ఉన్న విలువను ఎంచుకునే పద్ధతి కూడా ఉంది గానీ, అది రాడార్ తప్పును ఉన్నదాని కంటే తక్కువగా చూపిస్తుంది. సవరణ గుణకం (రాడార్ విలువను గుణించే సంఖ్య) లెక్కకు దాన్ని వాడకపోవడం మంచిది. గాలి వివరాలు ఉంటే, అంటే పై గాలిని కొలిచే రేడియోసాండ్ బెలూన్ నుంచో వాతావరణ నమూనా నుంచో దొరికితే, గడిని గాలికి ఎదురు దిశలో జరిపి తీసుకోవడం ఇంకా మేలు.

రాడార్ స్కాన్ల మధ్య ఖాళీని కూడా పట్టించుకోవాలి. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో కదిలే మేఘం 10 నిమిషాల్లో దాదాపు 7 కిలోమీటర్లు జరుగుతుంది. రెండు స్కాన్లను ఉన్నవున్నట్లుగా కూడితే పటంలో వాన ఒక చోట ముద్దగా, మధ్యలో ఖాళీగా, మళ్లీ ముద్దగా కనిపిస్తుంది. ఖాళీలో ఉన్న వర్షమాపకానికి రాడార్ చాలా తక్కువ చెప్పినట్లు అనిపిస్తుంది. రెండు స్కాన్లను పోల్చి మేఘం కదలికను లెక్కించి, మధ్య నిమిషాల పటాలను ఊహించి కూడితే ఈ లోపం తగ్గుతుంది. ఈ ఒక్క పని చేసినందువల్ల గంట మొత్తాల జతలు ఎంత మెరుగవుతాయో చూస్తే, తర్వాతి సూత్రాల మీద పెట్టే శ్రమలో సగం ఇక్కడ పెట్టాలనిపిస్తుంది.

చిన్న విలువల జతలను వదిలేయాలి. గంటకు రెండు వైపులా కనీసం 1 మిల్లీమీటరు ఉన్న జతలనే గుణకం లెక్కకు తీసుకోవడం సబబు. వర్షమాపకంలో ఒక ఒరుగే అర మిల్లీమీటరు అయినప్పుడు అంతకంటే చిన్న వానలో నిష్పత్తులకు విలువ లేదు.

మొదటి సవరణ: పటమంతటికీ ఒకే గుణకం

కాలిబ్రేషన్ తేడా, తప్పు సూత్రం ఎంపిక లాంటివి పటమంతటా ఒకే విధంగా ఉంటాయి. వాటిని తొలగించడానికి వర్షమాపకాల మొత్తాన్ని రాడార్ జతల మొత్తంతో భాగించి, వచ్చిన గుణకంతో పటంలోని ప్రతి గడినీ గుణిస్తే చాలు. లెక్క కోసం ఐదు కేంద్రాలు తీసుకుందాం. ఒక గంటలో అవి 22.5, 14, 31, 8.5, 18 మిల్లీమీటర్లు కొలిచాయి, మొత్తం 94. వాటి జతలుగా రాడార్ 14.2, 9.8, 17.5, 6, 11.5 చెప్పింది, మొత్తం 59. గుణకం 1.59. ఇప్పుడు ఒక్కో కేంద్రపు నిష్పత్తిని విడిగా తీసుకుని సగటు చేస్తే 1.55 వస్తుంది. తేడా పెద్దగా లేదు. కానీ వర్షమాపకంలో 3, రాడార్‌లో 0.5 మిల్లీమీటర్లు ఉన్న ఆరవ కేంద్రాన్ని చేర్చి చూడండి. దాని నిష్పత్తి 6. మొత్తాల గుణకం 1.63కి మాత్రమే కదులుతుంది, నిష్పత్తుల సగటు మాత్రం 2.29కి ఎగబాకుతుంది. అంచున పడిన చిన్న జల్లు ఒక్కటి నగరమంతటి వాననూ అంతగా పెంచేస్తుంది. అందుకే మొత్తాలను కూడిన తర్వాతే భాగించాలి.

ఐదు కంటే తక్కువ జతలు ఉన్న గంటలో ఆ గంట గుణకాన్ని ఒంటరిగా నమ్మకూడదు. గడచిన కొన్ని గంటల జతలను కూడా కలుపుకోవాలి, లేదా పాత గుణకానికీ కొత్త గుణకానికీ వాటి నమ్మకాన్ని బట్టి భారం ఇచ్చే కాల్మన్ ఫిల్టర్‌ను వాడాలి. గుణకం ఒక గంట 0.7, తర్వాతి గంట 2.4 అని ఊగుతుంటే అది వాతావరణపు మార్పు కాదు, జతలు తక్కువైనందువల్ల వచ్చిన అస్థిరత.

చోటును బట్టి మారే సవరణ

దూరం వల్ల, కొండల వల్ల, వాన రకం వల్ల వచ్చే తప్పు చోటును బట్టి మారుతుంది. దానికి ఒకే గుణకం సరిపోదు. 1975లో బ్రాండిస్ చూపిన దారిలో ఒక్కో కేంద్రం దగ్గర నిష్పత్తిని లెక్కించి, మిగతా గడులకు దూరాన్ని బట్టి భారం ఇస్తూ ఆ నిష్పత్తిని విస్తరిస్తారు. ఉదాహరణకు, ఒక గడికి 5 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేంద్రం నిష్పత్తి 1.8, 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నదాని నిష్పత్తి 1.2 అనుకుందాం. దూరపు వర్గానికి విలోమంగా భారం ఇస్తే మొదటిదానికి 9 వంతులు, రెండవదానికి 1 వంతు వస్తాయి. ఆ గడికి నిష్పత్తి 1.74 అవుతుంది.

గుణించే పద్ధతికి ఒక పరిమితి ఉంది. రాడార్ సున్నా చూపిన చోట ఏ గుణకంతో గుణించినా సున్నాయే. దూరపు మండలాల్లో తక్కువ ఎత్తు మేఘాల మీదుగా కిరణం దాటిపోయి, నేల మీద మాత్రం వాన పడుతున్నప్పుడు ఇది ఇబ్బంది పెడుతుంది. అక్కడ తేడాను కూడే పద్ధతి కావాలి. ఈ అవసరానికి నాకు అన్నిటికంటే నమ్మకంగా తోచేది సింక్లెయిర్, పెగ్రమ్ 2005లో వివరించిన కండిషనల్ మెర్జింగ్. ముందు వర్షమాపకాల విలువలను క్రిగింగ్ ద్వారా, అంటే చుట్టూ ఉన్న కేంద్రాల విలువలకు గణాంక లెక్కతో భారం ఇస్తూ, గడులన్నిటికీ విస్తరించాలి. తర్వాత ఆ కేంద్రాలున్న చోట్ల రాడార్ విలువలను మాత్రమే తీసుకుని, అదే విధంగా విస్తరించాలి. అసలు రాడార్ పటంలోంచి ఈ రెండవ పటాన్ని తీసివేస్తే, కేంద్రాల మధ్య ఉన్నదీ కేంద్రాలకు కనిపించనిదీ అయిన వివరం మిగులుతుంది. దాన్ని మొదటి పటానికి కూడాలి. ఒక గడిలో రాడార్ 20, కేంద్రాల రాడార్ విలువల నుంచి విస్తరించినది 14, వర్షమాపకాల నుంచి విస్తరించినది 22 మిల్లీమీటర్లు అయితే తుది విలువ 28 అవుతుంది. కేంద్రం ఉన్న చోట తుది విలువ వర్షమాపకంతో సమానంగా నిలుస్తుంది. వాన అంచుల్లో అప్పుడప్పుడు ఋణ సంఖ్యలు వస్తాయి, వాటిని సున్నా చేయాలి.

రాడార్‌ను సహాయక చలరాశిగా తీసుకునే క్రిగింగ్ పద్ధతి కూడా ఉంది. జతలు దండిగా ఉంటే అది మంచి ఫలితమిస్తుంది, కొద్దిగా ఉంటే చాలా అస్థిరంగా మారుతుంది. తెలంగాణలో ప్రణాళికా విభాగం ఏర్పాటు చేసిన వెయ్యికి పైగా ఆటోమేటిక్ కేంద్రాలు మండలాలన్నిటా ఉన్నందున వాన విస్తారంగా ఉన్న రోజున దీన్ని ప్రయత్నించవచ్చు. నాలుగు మండలాల్లోనే కురిసిన సాయంత్రపు వానకు మాత్రం ఒకే గుణకంతో ఆగడమే మేలు. ఏ పద్ధతి వాడినా ముందు పటమంతటి గుణకాన్ని వేసి, ఆ తర్వాతే చోటును బట్టి మారే సవరణకు వెళ్లడం మంచి క్రమం. పైథాన్ తెలిసిన వారికి వ్రాడ్‌లిబ్ అనే ఉచిత లైబ్రరీలో ఒకే గుణకం, గుణించే సవరణ, కూడే సవరణ, రెండూ కలిసిన సవరణ సిద్ధంగా దొరుకుతాయి.

ఫలితాన్ని పరీక్షించడం

సవరణలో వాడిన వర్షమాపకంతోనే సవరించిన పటాన్ని పోల్చి చూసి సంతోషపడకూడదు. కండిషనల్ మెర్జింగ్‌లో అక్కడ తేడా సున్నాయే వస్తుంది, దానివల్ల మనకు తెలిసేది ఏమీ లేదు. ఒక్కో కేంద్రాన్ని పక్కన పెట్టి, మిగతావాటితో పటం తయారు చేసి, పక్కన పెట్టిన చోట ఎంత తప్పిందో చూడాలి. కేంద్రాలు దగ్గరదగ్గరగా ఉన్న హైదరాబాద్‌లో ఒక్కదాన్నే తీసివేస్తే పక్కనున్న కేంద్రం ఆ లోటును పూడ్చి ఫలితాన్ని ఉన్నదానికంటే బాగున్నట్లు చూపిస్తుంది. కనుక ఒక ప్రాంతపు కేంద్రాలన్నిటినీ ఒకేసారి తీసివేసి కూడా పరీక్షించాలి. మనుషులు రోజూ ఉదయం 8.30కి కొలిచే సాధారణ వర్షమాపకాల విలువలను సవరణలో అసలు వాడకుండా దాచుకుంటే, రోజు మొత్తాలను సరిచూడటానికి అవి నిష్పాక్షికమైన సాక్ష్యంగా ఉపయోగపడతాయి.

పోలిక మూడు పటాల మధ్య జరగాలి: సవరించని రాడార్, వర్షమాపకాలను మాత్రమే విస్తరించిన పటం, రెండింటినీ కలిపిన పటం. కలిపిన పటం మిగతా రెండింటినీ మించకపోతే పద్ధతిని సంక్లిష్టం చేసే బదులు జతల దగ్గరకు తిరిగి వెళ్లాలి. సగటు తప్పు ఒక్కటే చూస్తే చిన్న వానల సంఖ్యలో పెద్ద వానల తప్పు మరుగున పడుతుంది. అందుకని భారత వాతావరణ శాఖ వర్గీకరణలో భారీ వర్షంగా లెక్కించే 64.5 మిల్లీమీటర్లకు, అత్యంత భారీ వర్షంగా లెక్కించే 204.5 మిల్లీమీటర్లకు పైబడిన రోజులను విడిగా పరీక్షించాలి. వరద వచ్చేది ఆ రోజుల్లోనే.

అప్పటికప్పుడు వాడేటప్పుడు

వరద హెచ్చరిక కోసం గంటగంటకూ పటం కావాల్సినప్పుడు కొన్ని కేంద్రాల విలువలు ఆలస్యంగా వస్తాయి, పెనుగాలి వీస్తున్న రాత్రి కొన్ని అసలే రావు. రాని విలువను సున్నాగా రాసుకునే ప్రోగ్రాం వల్ల, వాన ఎక్కువగా ఉన్న గంటలోనే గుణకం కుప్పకూలుతుంది. కాబట్టి సున్నానూ, సమాచారం లేకపోవడాన్నీ ఫైలులో వేర్వేరు గుర్తులతో ఉంచాలి. అందిన విలువలతో వెంటనే ఒక పటం ఇచ్చి, రెండు గంటల తర్వాత అన్ని విలువలతో దాన్ని మళ్లీ తయారు చేసి, పాతదాన్ని చెరపకుండా దాచాలి. ప్రతి పటంతో పాటు ఆ గంటలో ఎన్ని జతలు దొరికాయో, గుణకం ఎంతో, ఏ కేంద్రాలను ఎందుకు పక్కన పెట్టారో రాసి ఉంచాలి. ఆ పటాన్ని అందుకున్న ఇంజనీరు ఒక చెరువు కట్ట గురించి నిర్ణయం తీసుకునే ముందు, ఆ చెరువుకు అతి దగ్గరి జత ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో చూసుకోగలగాలి.